కోడికాలు గుర్తు

మార్కాపురం
1936 జూలై 5

మా తమ్ముడు ఎజ్రాకు మణెమ్మ చెప్పి రాయించే జాబు.

నా పేరు మణెమ్మ. చనిపోయిన ఏబేలు భార్యను. వయసు అరవై రెండో మూడో. ధాత కరువు నాడు నేను మా అమ్మ చంకలో ఉన్నానంట, ఆ ప్రకారం నువ్వే లెక్క కట్టుకో. కాపురం మార్కాపురంలో, మిషన్ ప్రహరీ వెనక. ఇంట్లో ఉండేది నేను, ఒక మేక, రెండు కోడిపెట్టలు.

"సొంత తమ్ముడికి ఇదంతా ఎందుకు పెద్దమ్మా?" అంటోంది రాసే పిల్ల. రాసేది మా పక్కింటి విజయమ్మ, మిషన్ బడిలో పంతులమ్మ. ఎందుకంటే ఇది ఉత్త జాబు కాదు, అర్జీ. అర్జీ అంటే పేరుతో, వయసుతో, కాపురంతో మొదలు కావాలి. తాలూకా కచేరీ అరుగు మీద కూర్చుని ఎన్నిసార్లు వినలేదు! నేను చెప్పేదాన్ని నువ్వు మంచి భాషలో పెట్టి పలకల కార్ఖానా యజమాని కొండలరావుకు అందించాలి. ఆయన మీ గిద్దలూరు మనిషే, నీ బడిలో చదువుకున్నవాడే. ముసలిదాని మాట వినకపోయినా పంతులు మాట వింటాడు.

నా ఫిర్యాదు ఇది. ఇరవై రెండేళ్లుగా ఆ కార్ఖానాలో రాయి చీలుస్తున్నాను. గనిలోంచి వచ్చిన దిమ్మకు పొర చూసి ఉలి ఆనించి, సుత్తితో తట్టి, రేకులు రేకులుగా విడదీయడం నా పని. ఆ రేకును కోసి, ఇసుకా నీళ్లూ పోసి రుద్ది, చట్రం బిగిస్తే పిల్లల చేతికి పలక అవుతుంది. పోయిన నెల కొత్త మేస్త్రీ మస్తానయ్య నా చేతిలో ఉలి తీసుకున్నాడు.

"నీ కళ్లకు పొర వచ్చిందవ్వా. ఇంక ఇంటికాడ కూర్చో," అన్నాడు.

రాతికి పొర ఉంటేనేమో పలక అవుతుందంట, కంటికి పొర వస్తే మనిషి పనికిరాదంట! రాయిని కంటితో చూసి చీలుస్తారా ఎవరైనా? చెవితో చీలుస్తారు. వేలి కణుపుతో దిమ్మను కొడితే మంచి రాయి ఇత్తడి గిన్నె మాదిరి మోగుతుంది. లోపల బీట ఉంటే పచ్చికుండ మాదిరి బొత్తుమంటుంది. పైన చూస్తే రెండూ ఒకటే నలుపు. రెండు కళ్లూ బాగున్న మస్తానయ్యకు ఆ తేడా తెలియదు.

నేను కోరేది ఒకటే. పది దిమ్మలు తెప్పించి నా ముందర పెట్టమను. ఏది మంచిదో ఏది బీటదో చెవితో చెబుతాను. ఒక్కటి తప్పినా మళ్లీ ఉలి అడగను. అంతకు మించి నువ్వేమీ కలపవద్దు. ముసలిది, దిక్కులేనిది, దయచూడండి అని రాస్తివా, గిద్దలూరు వచ్చి మరీ నీ చెవి మెలిపెడతాను. నాకు దయ వద్దు, పరీక్ష పెట్టమను చాలు.

మణెమ్మ గుర్తు: కోడికాలు.

(ఇరవై రెండేళ్లుగా పలకల వెనక నేను గీసేది ఈ గుర్తే. ఎవరు చీల్చిన పలక ఏదో తెలియడానికి మాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు. ఒకరిది సున్న, ఒకరిది అడ్డగీత. కోడికాలు నాది ఒక్కదానిదే.)


గిద్దలూరు
1936 జూలై 21

ప్రియమైన అక్కగారికి తమ్ముడు ఎజ్రా ప్రభువు నామమున వందనములు.

మీ జాబు చేరినది. మీరు క్షేమముగా నున్నారని తలంచుచున్నాను. మీరు కోరినట్లు అర్జీని తగు రీతిని వ్రాసి కొండలరావు గారికి అందజేయుదును. ఆ విషయమై మీరు చింతింపవలదు.

అయినను ఒక మాట మనవి చేయుదును. మీ వయస్సున ఎండలో రాళ్ల నడుమ కూర్చుండుట అవసరమా? నేను ప్రధానోపాధ్యాయ పదవి నుండి ఏప్రిల్ నెలలో విరమించితిని. యేసుమణి ప్రభువు నొద్దకు పోయి ఏడాదిన్నర అయినది. మాకు సంతానము లేదని మీకు తెలియును. మూడు గదుల ఇల్లు, పెరటిలో ఆమె నాటిన మల్లెపొద, నేను. మీరు వచ్చి ఇచ్చట విశ్రాంతిగా నుండవచ్చును. వంటకు మనిషి యున్నది. మీరు కష్టపడవలసిన పని ఏమియు లేదు.

ఉదయమున బడి గంట మ్రోగగానే నేను లేచి చొక్కా తొడుగుకొనుచున్నాను. తరువాత పోవలసిన చోటు లేదని జ్ఞాపకము వచ్చును. చొక్కా విప్పుటకు మనసు రాక అట్లే కూర్చుందును.

ఇట్లు,
విధేయుడైన తమ్ముడు
ఎజ్రా


మార్కాపురం
1936 ఆగస్టు 10

ఒరే ఎజ్రా,

నీ జాబు విజయమ్మ చదివింది. అక్కగారికి, మీరు, వలదు అని చదువుతుంటే వాకిట్లో ఎవరో దొరసాని నిలబడి ఉందేమోనని తిరిగి చూసినాను. నన్ను మీరు అంటావేంది? నీ ముక్కు తుడిచిన పైటకొంగు ఇది. విజయమ్మ నవ్వుతోంది. నవ్వకుండా రాయమ్మా.

విశ్రాంతి తీసుకోమన్నావు. అదెట్లుంటుందో రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాను. పొద్దున్నే కార్ఖానాలో ఉలి చప్పుడు మొదలవుతుంది. మా ఇంటి దాకా వస్తుంది. ఎవరు కొడుతున్నారో ఇక్కడ కూర్చుని చెప్పగలను. మాలకొండమ్మ దెబ్బ పొడిగా ఉంటుంది. గురమ్మ రెండు చిన్నవి కొట్టి ఒకటి పెద్దది కొడుతుంది. జూన్ నెల నుంచి గురమ్మ దెబ్బ వినబడడం లేదు. అది వేరే సంగతి, వదిలేయ్.

ఇంట్లో కూర్చుని మేకను తిడుతున్నాను, కోళ్లను తిడుతున్నాను, తిట్టడానికి ఇంకేమీ దొరకకపోతే పొయ్యిని తిడుతున్నాను. పోయిన వారం రంగయ్య బండి వాకిట్లో ఆగితే దాని చక్రాన్ని కూడా కణుపుతో కొట్టి చూసినాను.

"బీట ఉంది రంగయ్యా, మార్పించుకో," అన్నాను.

"అత్తా, రాళ్లు అయిపోయినాయి, ఇప్పుడు నా బండి మీద పడినావా?" అని నవ్వుకుంటూ పోయినాడు. నాలుగో రోజు తర్లుపాడు దారిలో చక్రం విరిగి బండి కింద కూర్చున్నాడంట. ఇప్పుడు నవ్వమను.

చొక్కా తొడుక్కుని అట్లే కూర్చుంటానని రాసినావు. ఆ ముక్క విజయమ్మ చేత రెండోసారి చదివించుకున్నాను.

మనం మార్కాపురం వచ్చిన సంగతి నీకు గుర్తుందా? మన ఊరు చంద్రశేఖరపురం దగ్గర. అమ్మా నాయనా ఒకే వారంలో కలరాకు పోయినప్పుడు నీకు ఏడేళ్లు, నాకు పద్నాలుగు. మార్కాపురంలో మిషన్ వాళ్లు పిల్లలకు తిండి పెట్టి చదువు చెబుతారని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నిన్ను తీసుకుని బయలుదేరినాను. నీ కాళ్లు బొబ్బలెక్కితే భుజాన ఎత్తుకున్నాను. నువ్వు నా తల మీద గడ్డం ఆనించి నిద్రపోయేవాడివి, నీ చొంగ నా చెంప మీదకు కారేది. పొదిలి సంతలో గొర్రెలు అమ్మడానికి వచ్చిన ఒకామె, అలివేలమ్మ అని పేరు చెప్పింది, మనల్ని చూసి కొర్ర సంగటి పెట్టింది. "ఏ ఊరికి పోతున్నారు నాయనా?" అని నిన్ను అడిగింది. నువ్వు, "చదువుకి," అన్నావు. చదువు అంటే ఊరి పేరు అనుకున్నావు! ఆమె నవ్వి నవ్వి నీకు ఇంకో ముద్ద పెట్టింది.

ఆ సంగటి రుచి మళ్లీ నాకు ఎక్కడా తగలలేదు.

నిన్ను బోర్డింగులో చేర్చుకున్నారు. నాకు పెళ్లీడు వచ్చిందన్నారు. నేను కలుపులకూ కోతలకూ పోయినాను. ఆదివారం ఆదివారం ఉడకబెట్టిన అలసందలు కొంగున కట్టుకుని బోర్డింగు గేటు దగ్గర కూర్చునేదాన్ని. నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చి ముందు కొంగు విప్పేవాడివి, తర్వాత నా ముఖం చూసేవాడివి.

నేను గిద్దలూరు రాను. వచ్చి ఏం చేసేది? నువ్వు చొక్కా తొడుక్కుని ఒక మూల కూర్చుంటే, నేను కోక కట్టుకుని ఇంకో మూల కూర్చోవాలి. మల్లెపొద మనిద్దరినీ చూసి ఎండిపోతుంది.

అర్జీ పోయిందా? కొండలరావు ఏమన్నాడు? అది రాయి ముందు.

మణెమ్మ గుర్తు: కోడికాలు.


గిద్దలూరు
1936 సెప్టెంబరు 20

ప్రియమైన అక్కగారికి,

జాబు చేరినది. అర్జీ పంపితిని. ప్రత్యుత్తరము రాలేదు. కొండలరావు గారు పెక్కు వ్యవహారములు గల మనిషి. ఓపిక పట్టుడు. జవాబు రాకయే పోవచ్చును, అందులకును సిద్ధపడుడు.

నల్లమల నుండి సీతాఫలములు దిగుచున్నవి. ఒక గంప రైలులో పంపుచున్నాను. మీకు ప్రీతి అని జ్ఞాపకము.

మీ గది సున్నము వేయించితిని.

ఇట్లు,
ఎజ్రా


మార్కాపురం
1936 అక్టోబరు 6

ఎజ్రాకు,

నీ సీతాఫలాలు మేకకు వేసినాను.

నిన్న సోమవారం కొండలరావు కార్ఖానాకు వచ్చినాడు. నెలకొకసారి వస్తాడు. నేను ఉతికిన కోక కట్టుకుని పోయినాను. ఓపిక పట్టమన్నావు కదా, మూడు నెలలు పట్టినాను, అదే ఎక్కువ.

"నాయనా, నా అర్జీ సంగతి ఏం చేసినావు?" అని అందరి ముందరా అడిగినాను.

"ఏ అర్జీ పెద్దమ్మా?" అన్నాడు.

"మా తమ్ముడు ఎజ్రా పంతులు పంపింది."

"పంతులుగారా? మొన్నగూడా గిద్దలూరు స్టేషన్‌లో కనబడినారే. వానల సంగతి అడిగినారు, మా పిల్లల చదువు సంగతి అడిగినారు. అర్జీ మాట ఎత్తలేదే!"

ముప్పై మంది ఆడవాళ్లు ఉన్నారు అక్కడ. ఉలులన్నీ ఆగిపోయినాయి. నా కళ్లకు మనుషుల ముఖాలు తెల్లగా మసకగా కనబడతాయి, అంతే. అయినా ఎవరు నా వైపు చూస్తున్నారో, ఎవరు జాలిపడి నేల చూస్తున్నారో నాకు తెలిసింది.

మస్తానయ్య, "అర్జీ లేదు, ఏం లేదు. ఎండ ముదరకముందే ఇంటికి పో అవ్వా," అన్నాడు.

"కాగితం మీద ఉంటేనే అర్జీనా? నోటితో చెబుతా, వినండి," అన్నాను. "నా పేరు మణెమ్మ. చనిపోయిన ఏబేలు భార్యను..." అని మొదలుపెట్టినాను. వయసు చెప్పినాను, కాపురం చెప్పినాను, మేకనూ కోళ్లనూ కూడా చెప్పినాను. ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు. పది దిమ్మలు తెమ్మన్నాను. ఒక్కటి తప్పినా మళ్లీ ఈ గేటు తొక్కనన్నాను. నీ మంచి భాష లేకుండానే అంతా అయిపోయింది, ఎజ్రా. మూడు నెలలు నేను దేని కోసం ఎదురుచూసినానో నాకే అర్థం కాలేదు.

కొండలరావుకు సరదా పుట్టింది. "తెప్పించు మస్తానయ్యా," అన్నాడు.

తర్వాత ఎవరూ అడగకుండానే నా కళ్లకు కొంగు నేనే కట్టుకున్నాను. ఒక్కొక్క దిమ్మనూ కణుపుతో కొట్టి విన్నాను. ఏడు మోగినాయి. మూడు బొత్తుమన్నాయి. ఆ మూడింటిలో ఒకదాని బీట ఎడమ మూల నుంచి మొదలై నడిమికి పోతుందని కూడా చెప్పినాను. మాలకొండమ్మ చేత అన్నీ చీల్పించినారు. ఏడు శుభ్రంగా విడిపోయినాయి. మూడు పొడిపొడి అయినాయి. ఎడమ మూల నుంచి నడిమి దాకా.

"యా అల్లా!" అన్నాడు మస్తానయ్య, నోరు జారి.

అక్కడ జరిగింది ఇంకా ఉంది. నీకు చెప్పను. నిజం చెప్పించుకోవడానికి నువ్వు ఎవరు?

ఆనాడు నిన్ను మోసి నడిచింది మూడు రోజులే, ఇప్పుడు ఇరవై రోజులు మోసినట్టు అనిపిస్తోంది. పంపితిని అని రాసినావు. ఆ మాట విజయమ్మ చదివినప్పుడు, 'చూసినావా, మా తమ్ముడు మాట తప్పడు,' అని ఆ పిల్లతో అన్నాను. నువ్వు ఆ పిల్ల ముందర కూడా నా తల దించినావు.

ఈ జాబు కింద నా గుర్తు పెట్టను. అది నేను చేసిన పనికి జామీను. ఈ జాబు పని కాదు, కడుపుమంట.


గిద్దలూరు
1936 అక్టోబరు 22

అక్కా,

పంపలేదు.

రాసినాను. ఒకసారి కాదు, మూడుసార్లు రాసినాను. చాలా బాగా వచ్చింది. మడిచి బల్ల సొరుగులో పెట్టినాను. కొండలరావు స్టేషన్‌లో కనబడిన రోజు అది నా జేబులో ఉంది. చేయి జేబు దాకా పోయింది. అప్పుడు వానల సంగతి అడిగినాను.

నీకు ఆ పని పోతే నువ్వు ఇక్కడికి వస్తావని అనుకున్నాను. ఇంకేమీ లేదు. ముప్పై అయిదేళ్లు చదువు చెప్పినవాడు వేసిన ఎత్తు ఇది. నీకు విశ్రాంతి కావాలని రాసినాను గానీ, నాకు తోడు కావాలని రాయడానికి సిగ్గుపడినాను. ఈ ఇంట్లో సాయంత్రం నాలుగు గంటలకు నాకు ఏం చేయాలో తెలియదక్కా. బడి వదిలే గంట మోగుతుంది. పిల్లలు మా గోడ పక్క నుంచి అరుచుకుంటూ పోతారు. ఒకప్పుడు నన్ను చూసి నోరు మూసుకునేవాళ్లు. ఇప్పుడు మూసుకోవడం లేదు.

నీ జాబు చదివి చివరికి వచ్చినాను. కింద కోడికాలు లేదు. ఎన్ని ఏళ్లుగానో నీ ప్రతి జాబు కిందా అది ఉంది, నేను ఒక్కసారైనా దాన్ని సరిగా చూడలేదు. లేని చోటును మాత్రం చాలాసేపు చూసినాను.

నేను బడి మానేసిన రోజు పిల్లలు ఒక పలక మీద నా పేరు రాసి ఇచ్చినారు. అది గోడకు తగిలించి ఉంది. దించి వెనక్కి తిప్పినాను. చట్రం పక్కన, చిన్నగా, కోడికాలు. ఆ గుర్తును నా బడిలో వందలసార్లు చూసినాను. ఇదేంది సార్ అని పిల్లలు అడిగితే, అది కంపెనీ ముద్ర అని చెప్పినాను. పాఠం చెప్పినట్టే ధైర్యంగా చెప్పినాను. జూలైలో నువ్వు రాయించినావు, పలకల వెనక నేను గీసేది ఈ గుర్తే అని. అది కూడా చదివి ముందుకు పోయినాను.

పలక చేతిలో పట్టుకుని కూర్చుంటే ఒకటి గుర్తుకొచ్చింది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను.

నాకు తొమ్మిదేళ్లు. ఎండాకాలం సెలవులు. బోర్డింగు వాళ్లు ఇచ్చిన పలక తీసుకుని నీ దగ్గరికి వచ్చినాను. నీకు కూడా నేర్పమన్నావు. నీ పేరులో మొదటి అక్షరం రాసి చూపించినాను. నువ్వు కలుపు తీసి వచ్చినావు, చేతులు పగిలి ఉన్నాయి. బలపం పిడికిలితో పట్టుకుని గీసినావు. మూడు గీతలు పడినాయి, ఒక చోట మొదలై మూడు వైపులకు పోయినాయి. నేను, "కోడి గెలికినట్టుంది అక్కా!" అని నవ్వినాను. నవ్వి ఊరుకోలేదు. ఏబేలు బావను, పక్కింటి పిల్లలను పిలిచి చూపించినాను. అందరూ నవ్వినారు. నువ్వు కూడా నవ్వినావు. పలక కింద పెట్టి నాకు అన్నం పెట్టడానికి లేచినావు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

అదేనా ఇది? చెప్పక్కా.

ఇవాళ గంట మోగినప్పుడు నేను చొక్కా తొడుక్కోలేదు.

నీ
ఎజ్రా


మార్కాపురం
1936 నవంబరు 15

మా తమ్ముడు ఎజ్రాకు మణెమ్మ సాక్షుల ముందర చెప్పి రాయించే జాబు.

నా పేరు మణెమ్మ. వయసు జూలై కంటే నాలుగు నెలలు ఎక్కువ. కాపురం అదే. ఇంట్లో నేను, మేక, ఒక కోడిపెట్ట. రెండోది గురమ్మ ఇంటికి పోయింది. ఎందుకో చెబుతాను.

నువ్వు అడిగిందానికి జవాబు: అదే. నువ్వు మరిచిపోయినావనుకున్నాను. నేను కార్ఖానాలో చేరిన రోజు అప్పటి మేస్త్రీ, "నీ గుర్తు ఏంది?" అన్నాడు. నా చేతికి వచ్చింది అది ఒక్కటే. కోపంతోనే గీసినాను. మొదటి ఏడాది ప్రతి పలక వెనకా కోపంతోనే గీసినాను. తర్వాత ఎప్పుడో, ఏ పలక దగ్గరో తెలియదు, కోపం అరిగిపోయింది, గుర్తు మిగిలింది. ఎవరో ఒక బిడ్డ ముందువైపు అక్షరాలు దిద్దుతుంటే వెనకవైపు నేను ఉంటాను కదా అనుకునేదాన్ని. అది ఏ ఊరో, ఎవరి బిడ్డో నాకు తెలియదు. కర్నూలు దాకా, మద్రాసు దాకా పోతాయంట మా పలకలు. నీ గోడ మీద కూడా ఉన్నానని మాత్రం నీ జాబు చదివేదాకా తెలియదు.

ఇప్పుడు నా సంగతి. నువ్వు అర్జీ దాచినావు. నేనూ ఒకటి దాచినాను. నీ మీద అరిచేటప్పుడు కూడా అది నా లోపలే ఉంది.

మస్తానయ్య నా ఉలి ఊరికే తీసుకోలేదు. జూన్ నెలలో పెద్ద దిమ్మ ఒకటి వస్తే గురమ్మ పట్టుకుంది, నేను కొట్టినాను. చెవి రాతిని వింది గానీ గురమ్మ వేలును వినలేదు. సుత్తి ఆ పిల్ల కుడి చేతి చూపుడు వేలు మీద పడింది. "ఏం కాలేదు అత్తా, ఏం కాలేదు," అంటూనే ఉంది, రక్తం ధార కారుతూనే ఉంది. నేను ఆ మాటనే పట్టుకున్నాను. ఏం కాలేదంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అర్జీలో ఆ ముక్క చెప్పలేదు. విజయమ్మకు తెలుసు. "అది కూడా రాయాలా పెద్దమ్మా?" అని ఆ రోజే అడిగింది. "నేను చెప్పింది రాయి," అని కసిరినాను.

అక్టోబరులో పరీక్ష అయిన తర్వాత జరిగింది విను. పదికి పది చెప్పినాను కదా. మస్తానయ్య నా చేతిలో ఉలీ సుత్తీ పెట్టినాడు. "చెవి ఒప్పుకుంటానవ్వా. ఇప్పుడు చెయ్యి చూపించు. ఎవరన్నా దిమ్మ పట్టుకోండి," అన్నాడు.

ఎవరూ రాలేదు. ముప్పై మంది, ఎజ్రా. నేను వేలు పట్టి పని నేర్పిన ఆడవాళ్లు. ఒక్క గాజు కూడా చప్పుడు కాలేదు.

అప్పుడు ఎవరో లేచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. దిమ్మ మీద చేతులు పెట్టినారు. ఎవరో కనబడలేదు. చేయి చాపి తడిమినాను. వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"కొట్టత్తా, పట్టుకున్నా," అంది గురమ్మ.

నేను ఉలి కింద పెట్టినాను.

మస్తానయ్య తీసుకోలేదు, కొండలరావు తీసుకోలేదు. నేనే పెట్టినాను. ఇరవై రెండేళ్లు నా అంతట నేను ఎవరి చేతికీ ఇవ్వని ఉలి అది. గురమ్మ ఒళ్లో పెట్టి, "నీ వేలు బాగైన రోజు ఇది నీది," అన్నాను. సాయంత్రం కోడిపెట్టను పట్టుకుని వాళ్లింటికి పోయినాను. జూన్‌లో పోవలసినదాన్ని.

కొండలరావు వారం తర్వాత కబురు చేసినాడు. ఇప్పుడు నేను గని ఒడ్డున గోనెపట్ట పరుచుకుని కూర్చుంటున్నాను. పైకి వచ్చిన ప్రతి దిమ్మా ముందు నా దగ్గరికి వస్తుంది. కొట్టి వింటాను. మంచిది ఇటు, బీటది అటు. ఇద్దరు ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినడం నేర్పుతున్నాను. ఒకతె మాలకొండమ్మ. నోరు మూసుకోదు, అందుకే ఇంకా రాయి మాట వినబడడం లేదు. మూసుకున్న రోజు వస్తుంది.

ఉలి పోతే నేను లేననుకున్నానురా. అందుకే అంత అరిచినాను. తీరా చూస్తే నా పని ఉలిలో లేదు, ఇరవై రెండేళ్లూ చెవిలోనే ఉంది. నీ పని కూడా ఆ బడి గంటలో లేదని నాకు అనిపిస్తోంది. అందుకే ఈ జాబు.

ఇక్కడ ముప్పై మంది ఆడవాళ్లు పలకలు చేస్తారు. ఒక్కతె కూడా ఒక్క పలక మీదైనా రాయలేదు. ఈ మాట మొన్న నేను పైకి అంటే అందరూ పని ఆపినారు, అది వాళ్లకు కూడా అప్పుడే తట్టినట్టు. పదకొండు మంది నేర్చుకుంటామన్నారు. పని వదిలిన తర్వాత గంటసేపు, వెలుతురు ఉండగానే, కార్ఖానా వసారాలో. మూల విరిగిన పలకలు మస్తానయ్య ఇస్తానన్నాడు. ఇచ్చి, కాసేపు అక్కడక్కడే తిరిగి, "నేనూ కూర్చోవచ్చా అవ్వా?" అన్నాడు. వెనక వరసలో కూర్చోమన్నాను.

విజయమ్మకు పొద్దంతా బడి పిల్లలతోనే సరిపోతుంది. కాబట్టి నువ్వు రావాలి. మూడు గదులు లేవు, ఒకటే ఉంది. మల్లెపొద అంటు తెచ్చుకో, యేసుమణి చేతి చెట్టు ఇక్కడా బతుకుతుంది. జొన్న సంగటి నేను చేస్తాను, వంట మనిషి గింట మనిషి లేరు.

నేను మాత్రం నేర్చుకోను. నాకు కనబడదు. పక్కన కూర్చుని వింటాను. బలపం చప్పుడును బట్టి ఎవరి చేయి సాగుతోందో, ఎవరిది తడబడుతోందో నీకంటే ముందు నేను చెబుతాను.

ఒక్క షరతు. ఎవరు ఏది గీసినా నవ్వకూడదు. కోడి గెలికినా, మేక తొక్కినా, పలక పగలగొట్టినా నవ్వకూడదు. ఒక్కసారి నవ్వితివా, ఆ రోజు రైలుకే నిన్ను ఎక్కిస్తాను. ఈ షరతు నీకు ఒప్పుదల అయితే మళ్లీ జాబు రాయవద్దు. చొక్కా తొడుక్కుని స్టేషన్‌కు పో. టిక్కెట్ ఇచ్చే మనిషి ఏ ఊరికి అని అడుగుతాడు. ఏం చెప్పాలో నీకు ఏడేళ్ల నాడే తెలుసు.

ఇది నేను చెప్పగా రాసి, నాకు చదివి వినిపించగా, సరే అని నా చేత్తో గీసిన గుర్తు:

మణెమ్మ, కోడికాలు.

సాక్షులు:

విజయమ్మ, సంతకం.

మాలకొండమ్మ, గుర్తు అడ్డగీత.

గురమ్మ, గుర్తు సున్న. కుడి చేతి వేలు ఇంకా మడవడం లేదు గనుక ఎడమ చేత్తో గీసినది. వంకర పోయింది. ఎవరూ నవ్వలేదు.